మూతి ముడిచిన ఆల్చిప్పలు

ఊరికి మంచినీళ్లు పంపే కేంద్రంలో మా అక్క ఉద్యోగం, తొట్టిలోని ఆల్చిప్పల్ని కనిపెట్టుకుని ఉండటం. నీళ్లలో విషం కలిస్తే అవి టక్కున మూసుకుంటాయని పరిశోధకులు తేల్చారు; అందుకే వాటికి సెన్సర్లు అంటించారు.

"అచ్చం మా అత్తగారి బాపతే. మూతి ముడిచాయంటే ఏదో కొంప మునిగినట్టే" అనేది అక్క. ఆ అత్తగారు నెలరోజులుగా అక్కతో మాట్లాడటం లేదు.

ఆ ఉదయం ఆల్చిప్పలన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయి. అక్క మెయిన్ వాల్వు కట్టేసి ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది అత్తగారే.

"అత్తయ్యా, పాపకి కుళాయి నీళ్లు తాగించకండి!"

జవాబు లేదు.

"కోపం తర్వాత చూపిద్దురు గాని, ముందు నోరు విప్పండి! తాగించేశారా?"

గ్లాసుడు నీళ్లు సింకులో పారబోసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే అత్తగారి గొంతు.

"నువ్వు తాగలేదు కదే?"