కొండ కనిపించిన మనామా

2023 ఎండాకాలం. అమలాపురంలో బస్టాండుకు వెళ్లే రోడ్డులో నాకొక చిన్న టిక్కెట్ల షాపు ఉంది. రైలు, బస్సు టిక్కెట్లు కూడా చేస్తాను గానీ షాపు నడిచేది మాత్రం గల్ఫ్ విమానాల మీదే. నాకు అనుమానం ఎక్కువని మా ఆయన ఎప్పుడూ ఆటపట్టిస్తాడు. "పాలవాడు ఓ గరిటె ఎక్కువ పోస్తే, నీళ్లు కలిపాడేమోనని చూస్తావు" అంటాడు. చూస్తాను మరి! ఈ పనిలో అనుమానం లేనివాళ్లు ఎంతోకాలం షట్టరు ఎత్తలేరు.

నాకీ గుణం అబ్బిందే ఊళ్ల పేర్ల వల్ల. మా వైపు గన్నవరం అంటే పి.గన్నవరం, వైనతేయ మీద అక్విడక్టు ఉన్న ఊరు. విమానం ఎక్కే గన్నవరం విజయవాడ పక్కన ఉంది. ఒకసారి ఒక పెద్దాయనకు టిక్కెట్టు ఇచ్చి తెల్లారగట్లే బయల్దేరి గన్నవరంలో ఎక్కాలని చెబితే, "దానికి తెల్లారగట్ల లేవడం ఎందుకండీ, ఆటో ఎక్కితే వచ్చేస్తాం కదా!" అన్నారు. ప్రపంచమంతా ఇదే గోల. సిడ్నీ ఆస్ట్రేలియాలో ఉంది, కెనడాలోనూ ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండులోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. హైదరాబాదు మనకే కాదు, పాకిస్తాన్‌కీ ఉంది. అందుకే మా వృత్తిలో ఊరి పేరును నమ్మం. ప్రతి విమానాశ్రయానికీ మూడు ఇంగ్లీషు అక్షరాల ఎయిర్‌పోర్ట్ కోడ్ ఉంటుంది, దాన్నే నమ్ముతాం. కోడ్ సరిగ్గా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనని నేనూ చాలాకాలం అనుకున్నాను.

సత్తిబాబు అనే ఆయన గల్ఫ్ ఇళ్లలో పనికి మనుషులను కుదిర్చే సబ్ ఏజెంటు. ఆయన పైన పెద్ద ఏజెంటు ఎవరో ఉంటాడు, ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. సత్తిబాబుది ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, నోట్లో వక్కపొడి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. అంత మర్యాద చూస్తే నాకు మొదటినుంచీ గుబులే. పాస్‌పోర్టు పట్టుకుని తానొక్కడే వచ్చేవాడు, వెళ్లే మనిషిని తీసుకొచ్చేవాడు కాదు. నాకేమో ఒక పద్ధతి ఉంది. మొదటిసారి విమానం ఎక్కే ఆడమనిషి అయితే స్వయంగా రావాల్సిందే. ఎయిర్‌పోర్టులో ఎక్కడ నిలబడాలో, ఏమడిగితే ఏం చెప్పాలో నేనే కూర్చోబెట్టి చెబుతాను. అందుకే సణుక్కుంటూనే ఆ రోజు దుర్గను వెంటబెట్టుకుని వచ్చాడు.

దుర్గది ఐనవిల్లి దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాడు, నడుం దెబ్బతిని మంచం దిగలేకపోతున్నాడు. గన్నవరం నుంచి షార్జాకు టిక్కెట్టు కావాలన్నాడు సత్తిబాబు. నేను కంప్యూటరులో ఆమె పేరు కొడుతుంటే, "మేడం గారూ, పచ్చళ్లు ఎన్ని కేజీలు పట్టుకెళ్లనిస్తారండి?" అని అడిగింది.

"ఎవరికమ్మా పచ్చళ్లు?"

"మా అక్కకండి. ఆవకాయంటే పడిచచ్చిపోద్ది. ఎయిర్‌పోర్టుకే వస్తానందండి. దాని పక్కనే ఉంటానని చెబితేనే మా ఆయన ఒప్పుకున్నాడు. లేపోతే ఎల్లనిచ్చేవాడు కాదండి."

"అక్క షార్జాలో ఉంటుందా?"

"కాదండి, బెహరీన్‌లో. మనామాలోనండి."

కీబోర్డు మీద నా చెయ్యి ఆగిపోయింది. సత్తిబాబు వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"షార్జాలో దిగి రోడ్డు మీద ఎళ్లిపోతారండి. కంపెనీ కారొస్తది" అన్నాడు.

"బెహరీన్ చుట్టూ సముద్రమండీ. రోడ్డు మీద పోవాలంటే సౌదీ మీదుగా వెళ్లి సముద్రం మీది వంతెన ఎక్కాలి. సౌదీ వీసా ఏదండీ?"

ఆయన నవ్వాడు. "నేను బెహరీన్ అన్నానేంటండీ? మనామా అన్నాను. ఇదిగో, లొకేషన్ చూసుకోండి" అని ఫోను నా ముందు పెట్టాడు. నిజంగానే మ్యాపులో మనామా అని ఉంది. వేళ్లతో దగ్గరకు లాగి చూశాను. అది బెహరీన్ రాజధాని కాదు. షార్జా పక్కనుండే అజ్మాన్‌కు చెందిన ఊరు, అజ్మాన్ నగరానికి దూరంగా, కొండల దగ్గర ఎక్కడో ఉంది. వీసా చూస్తే ఖద్దామా వీసా కూడా కాదు. అంటే ఇంటిపనికని ఇచ్చేది కాదు, చుట్టపుచూపుగా వెళ్లొచ్చే విజిట్ వీసా. దాని గడువు అయిపోయాక ఆమెను ఏం చేసినా అడిగేవాడు ఉండడు. ఏమనుకోవాలి ఈ మనిషిని! నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు, అంతా నిజమే చెప్పాడు.

దుర్గకు అర్థమయ్యేలా చెప్పాను. ఆమె నన్ను నమ్మలేదు.

"మేడం గారికి బెహరీన్ టిక్కెట్టయితే కమీషన్ ఎక్కువొస్తదమ్మా, అందుకే ఇలా మాట్లాడతన్నారు" అన్నాడు సత్తిబాబు నెమ్మదిగా.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ పిల్ల కళ్లలో నా మీద కూడా అదే అనుమానం కనిపించింది. తప్పేముంది? అతను నెలల తరబడి వాళ్లింటికి వెళ్లివస్తున్న మనిషి. నన్ను చూసింది ఆ పూటే. పైగా మ్యాపు మీది ఇంగ్లీషు ఆమెకు రాదు. ఇద్దరిలో ఎవరు మోసం చేస్తున్నారో ఎలా తేలుతుంది?

దుర్గ చీర కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత, "అన్నయ్య గారూ, నేను పనికెళ్లే ఇంటి మేడంకి వీడియో కాల్ కలపండి" అంది.

మావైపు ఇంటిపనికి వెళ్లేవాళ్లకు వీడియోలో ఆ ఇల్లు చూపించడం మామూలే. వంటిల్లు, పనిమనిషి గది చూపిస్తారు. దుర్గకూ చూపించారట. వాకిలి మాత్రం ఎవరూ చూపించలేదు.

"ఇప్పుడు పడుకుంటారమ్మా, ఎండవేళ" అన్నాడు సత్తిబాబు.

"ఆయ్. లేచేదాకా కూర్చుంటానండి."

మర్యాదగానే అంది గానీ కుర్చీలోంచి కదల్లేదు. ఇక తప్పక కలిపాడు. అవతల ఒక నడివయసు ఆవిడ, పాపం నవ్వుతూనే పలకరించింది. దుర్గ అడగమంటే, నాకొచ్చిన ముక్కల హిందీలో బయట చూపించమని అడిగాను. ఆవిడ కిటికీ తెరిచింది. ఖర్జూరం చెట్లు, గోడ, గోడ వెనక ఎర్రటి బోడికొండ.

"కొండండీ!" అంది దుర్గ.

మా కోనసీమలో ఎటు చూసినా కొబ్బరి తోటలూ కాలవలే. కొండ చూడాలంటే ఏ అన్నవరమో వెళ్లాలి. అందుకే కొండ కంటబడితే మావాళ్లు వదలరు, బస్సు మలుపు తిరిగేదాకా మెడలు తిప్పి మరీ చూస్తారు. దుర్గ వెంటనే తన ఫోను తీసి అక్కకు కలిపింది. అక్క డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

"అక్కా, మీ ఊళ్లో కొండుందా?"

"కొండా? ఇక్కడ కొండెక్కడిదే! ఇదిగో చూడు, మేడలు, అవతల సముద్రం. ఎందుకే, ఏమైందే?"

దుర్గ ఫోను ఒళ్లో పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. "మీ అక్క ఊరేనన్నారు కదండీ అన్నయ్య గారూ" అంది.

"ఊరి పేరు అదేనన్నానమ్మా. జీతం అదే, పని అదే, పేరూ అదే. తేడా ఏముంది చెప్పు?"

"పేరు అదేనండి. అక్కడ మా అక్క లేదు కదండీ."

పాస్‌పోర్టు టిక్కెట్టు కోసం నా బల్ల మీదే ఉంది. సత్తిబాబు చెయ్యి చాచాడు. నేను దాన్ని దుర్గ చేతిలో పెట్టాను.

"నా పార్టీలన్నీ వేరే షాపుకి తీసుకుపోతానండి" అన్నాడు గుమ్మం దగ్గర.

"ఆయ్, శుభ్రంగా తీసుకుపోండి."

అన్నంతపనీ చేశాడు. నా వ్యాపారం కొంత దెబ్బతింది, అబద్ధమెందుకు. అయినా ఆ రోజు నన్ను భయపెట్టింది అది కాదు. నేను కొడుతున్న టిక్కెట్టులో ఒక్క తప్పు లేదు. పేరు సరే, తేదీ సరే, కోడ్ సరే. ఆ సరైన టిక్కెట్టుతోనే ఆ పిల్ల షార్జాలో దిగి, ఆవకాయ జాడీ పట్టుకుని జనంలో అక్క కోసం వెతుక్కునేది. అందుకే ఇప్పుడు నా షాపుకు ఎవరొచ్చినా ఏ ఊరని ముందు అడగను. "దిగాక మీకోసం ఎవరొస్తారండీ? ఒకసారి వాళ్లతో మాట్లాడించండి" అంటాను. చాదస్తం అంటారు కొందరు. అననీ.

తర్వాత అక్కే తనకు తెలిసిన ఇంట్లో పని చూసి, సరైన ఖద్దామా వీసా పంపించింది. బెహరీన్ టిక్కెట్టు నేనే చేశాను. దిగిన మర్నాడు దుర్గ నుంచి వీడియో కాల్ వచ్చింది. డాబా మీద నిలబడి ఫోనును నాలుగు వైపులా తిప్పింది. మేడలు, దూరంగా సముద్రం, చివరికి జాడీలో వేలు పెట్టి ఆవకాయ నాకుతున్న అక్క.

"చూసుకోండి మేడం గారూ, మీరు ఎవర్నీ నమ్మరు కదా! కొండ లేదండి. అక్క ఉందండి."