హంసాబెన్ కూర్చునే మోటారు

మొన్న మంగళవారం సాయంత్రం ఆరూ పదికి మా మనవరాలు శ్రావ్య గదిలోంచి ఒక వాసన వచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదు, కాబట్టి వంట మాడిన వాసన కాదు. మోటారులో రాగితీగ చుట్ట కాలితే వచ్చే ఘాటు వాసన అది. నలభై ఏళ్ళయినా నా ముక్కు దాన్ని మరిచిపోలేదు. వెళ్ళి ముందు గోడ మీది స్విచ్ ఆపాను. శ్రావ్య నల్లబడ్డ తెర ముందు బిగుసుకుపోయి కూర్చుంది. ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన కంప్యూటరును కొనుక్కుని, ఆటలు ఆడుకోవడానికి ఆ రోజే దానిలో వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టింది. ఆ కార్డు కోసం పోయిన ఏడాదంతా పిల్లలకు ట్యూషన్ చెప్పింది.

"కార్డు కాలిపోయిందా, నానమ్మా?"

"నాకేం ఎరుక బిడ్డా. దానికి కరెంటు యాడికెల్లి ఇచ్చినవో జర చూపియ్."

పెట్టె తెరిచింది. కంప్యూటరుకు కరెంటు పంచే పవర్ సప్లై పాతదే. దానికి కార్డుకు వెళ్ళే తీగే లేదు. డిస్కుల కోసం ఉన్న సన్నటి తీగలకు ఒక అతుకుముక్క తగిలించి, అక్కడి నుంచి కార్డుకు కలిపింది. అతుకు నల్లగా కమిలిపోయి ఉంది. దాన్ని చూడగానే నాకు హంసాబెన్ కూర్చునే మోటారు కళ్ళ ముందు నిలిచింది.

మేము బతకడానికి వచ్చిన ఈ గుజరాతీ ఊళ్ళోనే, ఖటోదరా పేటలో ఇరవై నాలుగు సాంచాల షెడ్డు హంసాబెన్‌ది. మరమగ్గాలను సిరిసిల్ల నుంచి వచ్చిన మేము సాంచాలంటాం. ఏ సాంచా మీద ఎన్ని మీటర్ల గుడ్డ దిగిందో రాయడం నా పని. భర్త పోయాక షెడ్డు అమ్మెయ్యమని చుట్టాలందరూ చెబితే, అందరికీ టీ ఇచ్చి పంపించి, మరునాడు తానే వచ్చి తాళం తీసిన మనిషి ఆమె. గుజరాతీ ఆడమనిషే అయినా మావాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుని, మా యాసలోనే మమ్మల్ని తిట్టేది. గుమ్మం పక్కన కాలిపోయిన మోటారు ఒకటి ఉండేది. ఎప్పుడూ దాని మీదే కూర్చునేది.

"కుర్చీ లేదా బెన్?" అని చేరిన కొత్తలో అడిగాను.

"ఎందుకు లేదు? ఉన్నది. ఫ్యూజు ఊకె పోతున్నదని నేనే లావు తీగ కట్టిన. ఫ్యూజు నిలబడ్డది, మోటారు కాలింది. మెత్తటి కుర్చీల కూసుంటే అది మరుస్త."

కరెంటు పోయి వచ్చిందంటే షెడ్డులో పెద్ద హడావిడి. మీటరుకింత అని కూలి కాబట్టి అందరూ ఒక్కసారే సాంచాలు నడపాలని చూసేవారు. హంసాబెన్ లేచి కుడిచెయ్యి పైకెత్తి నిలబడేది. ఆ చెయ్యి దిగినప్పుడల్లా ఒక్క వరస మాత్రమే నడవాలి. "మోటారుకు లేచేటప్పుడు ఆకలెక్కువ, నడిచేటప్పుడు తక్కువ. లేచేటప్పటి ఆకలికి వండాలె," అనేది.

ఒక వేసవిలో కరెంటు వచ్చేసరికి ఆమె మోటారు మీద నుంచి లేవలేదు. "రాజమణీ, ఇయ్యాల నువ్వెత్తు," అంది. అప్పటికి నేను మీటర్లు రాసే పిల్లనే. చెయ్యెత్తాను. వెనక వరసలోంచి మల్లేశన్న అందుకున్నాడు.

"ఏందిరా గిది, రాసేటామె సేటు అయింది. నీ చెయ్యి నొస్తలేదా రాజమణీ? జర దించరాదు."

"నొస్తున్నదే మల్లేశన్నా. అయినా నీ వంతు ఆఖర్నే."

షెడ్డంతా నవ్వింది. నవ్వినా, ఎవరూ సాంచా నడిపే పిడి ముట్టలేదు. వరస తరువాత వరస, ఇరవై నాలుగూ లేచాయి. ఒక్క ఫ్యూజు పోలేదు. హంసాబెన్ మెచ్చుకోలేదు. మరునాటి నుంచి చెయ్యెత్తే పని నాదేనంది, అంతే. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వెళ్ళానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మంగళవారం అన్నం తింటూ శ్రావ్యకు ఇదంతా చెప్పాను. బుధవారం కంప్యూటరు సామాన్ల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు ఒక డబ్బా ముందుకు తోశాడు. "మాసీ, ఏడు వందల యాభై వాట్లు. చాలా సస్తా." పైన ఆ అంకె అరచెయ్యంత ఉంది. నేను నోరు తెరవబోయాను. అప్పటికే శ్రావ్య డబ్బా తిప్పి పక్కనున్న చిన్న అక్షరాలు చదువుతోంది.

"కార్డు, ప్రాసెసర్ తినేది పన్నెండు వోల్టుల లైనులోంచే. ఇక్కడ ఇరవై నాలుగు ఆంపులే ఉంది. అంటే రెండు వందల ఎనభై ఎనిమిది వాట్లు. కార్డుకు నూట డెబ్బై, ప్రాసెసర్‌కు అరవై ఐదు, మిగతావాటికి నలభై. రెండు వందల డెబ్బై ఐదు అయిపాయె. ఆటలో కార్డు ఒక్కసారి ఎక్కువ గుంజితే ఏం మిగుల్తది?" ఇంకో డబ్బా తీసింది. పైన ఐదు వందల యాభై అని మాత్రమే ఉంది. పన్నెండు వోల్టులకు నలభై ఐదు ఆంపులు, కార్డుకు దాని సొంత తీగ, ఐదేళ్ళ గ్యారంటీ. "నానమ్మా, ఇది లేచేటప్పటి ఆకలికి సరిపోతది."

దుకాణదారు నవ్వి, "మాసీ, ఈ అమ్మాయి ఎక్కడ చదువుతోంది?" అని అడిగాడు.

"ఖటోదరాలో," అన్నాను.

ఇంటికొచ్చి తీగలన్నీ తానే బిగించింది. కార్డు బతికిందో లేదో తెలియాల్సింది ఇక అప్పుడే. స్విచ్ మీద వేలు పెట్టి నా వైపు చూసింది. "నానమ్మా, చెయ్యెత్తు." ఎత్తాను. భుజం ఇప్పుడు నిజంగానే నొస్తుంది. దించాను. కార్డు మీది ఫ్యాను ఒకసారి వణికి తిరగసాగింది. తెర వెలిగింది. ఆ పిల్ల ముఖం చూడాలి మీరు.

పోయినవి ఇవి. ఒక పాత సప్లై, ఒక అతుకుముక్క. అంతకు ముందు ఒక మోటారు, ఇరవై నాలుగు సాంచాలు, ఖటోదరాలో మూతపడ్డ ఆ షెడ్డు. మూడేళ్ళ కింద, హంసాబెన్.