గేటు నడుమ దశరథన్న

మా కాలనీలో అందరూ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తారు. మా పక్కింటి దశరథన్న మాత్రం ఆగడానికి వెళ్తాడు.

వెటకారం కాదు, నిజం. ఇంట్లోంచి బయల్దేరి నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు. ఇంకో రెండడుగులు వేస్తాడు, మళ్లీ ఆగుతాడు. ఆయన చేతిలో ఒక తాడు, తాడు చివర నట్టు అనే కుక్క. పిల్లికంటే కాస్త పెద్దది, బెల్లం రంగు, ఒక చెవి నిక్కి ఉంటే ఇంకోటి వాలి ఉంటుంది. కదిలేది ఏది కనిపించినా వెంటపడటమే దాని జీవితాశయం. తొండ, ఉడుత, సైకిల్ చక్రం, గాలికి లేచిన పాలిథిన్ కవరు, దేన్నీ చిన్నచూపు చూడదు. అది గుంజగానే తాడు బిగుస్తుంది. తాడు బిగియగానే దశరథన్న శిలైపోతాడు. అది వదులయ్యేదాకా ఎవరేమన్నా కదలడు.

"ఆ ఇంట్లో నట్టు లూజుగా ఉంది" అని కాలనీలో అనుకునేవారు. కుక్క గురించా, మనిషి గురించా అన్నది ఎవరూ తేల్చలేదు.

దశరథన్న పటాన్‌చెరులో ఒక పెద్ద ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా షెడ్డు కప్పుకింద వేలాడే క్యాబిన్‌లో కూర్చుని ఇనుప దిమ్మెలను ఇటునుంచి అటు మోశాడు. కుక్కకు నడక నేర్పడం ఆయనకు తెలియదు. క్రేన్ తెలుసు. కాబట్టి కుక్కకు కూడా క్రేన్ పద్ధతే పెట్టాడు.

"లోడ్ ఊగుతుంటే క్రేన్ నడుపొద్దు చెల్లె. ఊగుడు బందయ్యేదాక ఆగాలె. కింద మనుషులుంటరు" అని నాకు వివరించాడు.

"ఇది కుక్కన్నా."

"లోడ్ లోడే."

మాటలు కూడా క్రేన్ మాటలే. తాడు వదలమనడానికి "ఆరియా!" అంటాడు. లోడ్ కిందికి దించమని షెడ్డులో ఖలాసీలు పైకి అరిచే మాటట అది. కాలనీకి కొత్తగా వచ్చినవాళ్లు అది ఆయన భార్య పేరనుకున్నారు. పాపం, పెద్దాయన గొంతు చించుకుంటున్నా ఆ ఆరియమ్మ పలకదేంటి అని జాలిపడ్డారు.

నట్టును ఆయన తెచ్చుకోలేదు. రిటైరయిన రోజున కంపెనీ శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి ఆటో ఎక్కించింది. స్క్రాప్ యార్డులో పడుకున్న ఈ కుక్క ఆటో కదలడం చూసింది. ఇంకేముంది, వెంటపడింది. మా కాలనీ ఉన్న కిష్టారెడ్డిపేట దాకా వచ్చి, ఆటో ఆగాక ఇక ఏం చేయాలో తెలియక దశరథన్న చెప్పుల మీద పడుకుంది.

అసలు ఆరియమ్మ, అంటే మా అరుణ వదిన, పడ్డ కష్టాలు వేరు. "పప్పు పొయ్యి మీదేసి కొత్తిమీర తెమ్మన్న. పప్పు ఉడికింది. తిన్న. గిన్నెలు గూడ తోముకున్న. గప్పుడొచ్చిండు" అని చెప్తుంది.

"ఏడ నిలవడ్డవయ్యా?" అని అడిగిందట.

"తొండ గోడెక్కింది. నట్టు సూడవట్టింది."

"మరి నువ్వేం జేసినవ్?"

"నేను గూడ సూసిన."

ఇంకోసారి మా వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. వీధి మధ్యలో దశరథన్న. ఎదురుగా కరెంటు స్తంభం మీద ఉడుత.

"ఓ కాకా, జరుగు!" అని డ్రైవర్ హారన్ కొట్టాడు.

"తాడు బిగిసింది బిడ్డా. జెర ఆగు."

"ఎంతసేపు?"

"ఉడుతనడుగు."

డ్రైవర్ కాసేపు తిట్టాడు, కాసేపు బతిమాలాడు, చివరికి ఇంజిన్ బంద్ చేసి దిగొచ్చి ఆయన పక్కనే నిలబడ్డాడు. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఆ ఉడుతకు పిల్లలున్నాయా లేవా అని వాదించుకుంటున్నారు.

ఇక గేటు సంగతి చెప్పాలి.

మా కాలనీ వెనక ఒక బస్తీ ఉంది. అక్కడి ఆడవాళ్లు మందుల ప్యాకింగ్ యూనిట్లలో పని చేస్తారు. వాళ్ల కంపెనీ బస్సు మా ముందు గేటు దగ్గర మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. వెనక చిన్న గేటులోంచి వచ్చి, మా వీధి దాటితే బస్సు. ఆ గేటు మూస్తే గోడ చుట్టూ తిరిగి రావాలి. తిరిగొచ్చేలోపు బస్సు వెళ్లిపోతుంది. బస్సు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. మా కాలనీ పుట్టకముందు ఆ దారి వాళ్లదే. గోడ మేం కట్టాం, బయటివాళ్లు మాత్రం వాళ్లయ్యారు.

అసోసియేషన్ ప్రెసిడెంట్ శివకుమార్‌కి ఆ గేటంటే తలనొప్పి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ లక్షలు పోసి కొన్న ఇంటి ముందునుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఎవరో నడిచి వెళ్తే ఆయనకు ఇంటి రేటు తగ్గుతున్నట్టు అనిపిస్తుంది. "సెక్యూరిటీ ముఖ్యం" అని తీర్మానం చేయించాడు. మన వాకింగులు అయిపోగానే వెనక గేటుకు తాళం. సరిగ్గా ఆ ఆడవాళ్లు వచ్చే వేళకు. నేను మీటింగులో లేచి గట్టిగానే మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, తీర్మానం పాసు చేశారు.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ నర్సింగ్ తాళంకప్ప పట్టుకుని వెళ్లేసరికి గేటు మధ్యలో దశరథన్న ఉన్నాడు. నట్టు బస్తీ వైపు గుంజుతోంది. తాడు బిగిసి ఉంది.

"దశరథన్నా, తాళమెయ్యాలె" అన్నాడు నర్సింగ్.

"వెయ్యి. నేనొద్దన్ననా?"

"నువ్వు నడుమ నిలవడ్డవు గదనే!"

"తాడు బిగిసింది తమ్మీ. ఇప్పుడు కదిల్తే నేర్పినదంత పాయె."

ఒకరు నిలబడితే పక్కనుంచి ఇంకొకరు పట్టేంత గేటు అది. ఈ వాదన జరుగుతుండగానే బస్తీ ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు ఒదిగి లోపలికి వచ్చేశారు. చివరావిడ దాటాక తాడు వదులైంది.

ఆ మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. శివకుమార్ స్వయంగా వచ్చి చూశాడు.

"అంకుల్, ఈ ట్రైనింగ్ ఇంకా ఎన్నాళ్లు?"

"జెర మొండిది సారూ. టైం పడ్తది."

"ఎత్తుకుని పక్కకు రండి."

"ఎత్తుకుంటే ఏం నేర్చుకుంటది సారూ?"

"పోనీ వేరే చోట నేర్పండి."

"ఏడ గుంజుతదో ఆడ్నే నేర్పాలె గద?"

కుక్కలకు వ్యతిరేకంగా తీర్మానం చేద్దామంటే కమిటీలో సగం మంది ఇళ్లలో కుక్కలున్నాయి.

ఇలా నెలలు గడిచాయి. ఒక ఆదివారం నేను పటాన్‌చెరు అంగడికి వెళ్లాను. కోళ్ల గంపలు, మేకలు, సైకిళ్లు, అరుపులు. ఆ జనం మధ్యలోంచి దశరథన్న వస్తున్నాడు. పక్కన నట్టు, పెళ్లికూతురిలా. తాడు నేల మీద జీరాడుతోంది. ఇంతలో గంపలోంచి తప్పించుకున్న కోడి ఒకటి నట్టు ముక్కు ముందునుంచే పరుగెత్తింది. నట్టు ఒళ్లంతా వణికింది. తల ఎత్తి దశరథన్న ముఖం చూసింది. "ఆరియా" అన్నాడు మెల్లగా. కూర్చుంది.

నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. దొంగ దొరికినట్టే అయ్యాడు పాపం.

"అన్నా, ఇది మన నట్టేనా?"

"దాని తమ్ముడు" అన్నాడు. నట్టు తోక ఊపి, నా చీర కొంగు వాసన చూసి, ఆ అబద్ధాన్ని అక్కడికక్కడే చెడగొట్టింది.

"ఎప్పుడు నేర్చుకుంది?"

"శానా దినాలాయె."

"మరి గేటు కాడ ఆ గుంజుడేంది?"

అటూ ఇటూ చూసి, వంగి, నట్టు చెవిలో "అబేస్" అన్నాడు. అంతే! ముందు ఏమీ లేదు, ఉల్లిగడ్డల కుప్ప తప్ప. నట్టు నాలుక బయటపెట్టి, కాళ్లు తన్నిపెట్టి, ఆ ఉల్లిగడ్డలు తన జన్మశత్రువులైనట్టు గుంజడం మొదలుపెట్టింది. "అబేస్ అంటే లోడ్ ఎత్తు అని. తాడు బిగిస్తది" అన్నాడు.

"అంటే ఇన్ని దినాలు..."

"నీ లెక్క మైకు పట్టుకొని మాట్లాడ రాదు చెల్లె నాకు. ఆ ఆడివిల్లలు రోజు ఉరికొచ్చి బస్సు పోగొట్టుకుంటే సూసుకుంట కూసోవుడు గూడ రాదు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "వదినకు జెప్పకు. దానికి జెప్తే కొత్తిమీర సంగతి గూడ అడుగుతది."

ఎవరికీ చెప్పలేదు. కానీ మర్నాడే అంతా బయటపడబోయింది.

ఆ పొద్దున శివకుమార్ కొత్త బూట్లు వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. రాత్రంతా కుక్కల వీడియోలు చూశాడట. "తాడు ఇటివ్వండి అంకుల్. కుక్క గుంజితే మనం స్తంభంలా ఆగాలి. మీరూ ఆగుతున్నారు, కానీ మీలో కాన్ఫిడెన్స్ లేదు. అది దానికి తెలిసిపోతుంది."

దశరథన్న ఏమనగలడు? తాడు ఇచ్చాడు. చెవిలో మాట చెప్పేవాళ్లు లేకపోయేసరికి నట్టు బుద్ధిగా శివకుమార్ వెంట గేటు దాటింది, తిరిగింది, వెనక్కి వచ్చింది. తాడు ఒక్కసారి కూడా బిగియలేదు. బస్తీ మలుపులో ఆడవాళ్లు అప్పుడే కనిపిస్తున్నారు.

"చూశారా?" అన్నాడు శివకుమార్ గేటులో అడుగుపెడుతూ. "ట్రైనింగ్ అయిపోయింది. నర్సింగ్, నేను లోపలికి రాగానే తాళం వేసెయ్."

చెవిలో చెప్పే ఆ మాట దశరథన్న పైకి అంటే గుట్టు రట్టవుతుంది. అనకపోతే గేటు మూతపడుతుంది.

అప్పుడు మలుపు నుంచి, అందరికంటే ముందు పరుగెత్తుకొస్తున్న రవళి అనే బస్తీ అమ్మాయి గొంతు వినబడింది. "అబేస్ నట్టూ! అబేస్!" రోజూ పక్కనుంచి దాటుతుంటే ఆ మాట ఆమె చెవినా పడ్డట్టుంది.

నట్టు గిర్రున వెనక్కి తిరిగి బస్తీ వైపు గుంజింది. తాడు బిగిసింది. శివకుమార్ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి స్తంభంలా ఆగిపోయాడు. ఆగాలని చెప్పింది తనే మరి.

"సార్, తాళమెయ్యాల్నా?" అని అడిగాడు నర్సింగ్.

"నేను మధ్యలో ఉన్నాను కదయ్యా!"

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆయన పక్కనుంచి ఒదిగి వచ్చారు. "నమస్తే సార్." "నమస్తే సార్." తాడు రెండు చేతులతో పట్టుకున్న ప్రెసిడెంట్ ప్రతి ఒక్కరికీ తల ఊపాడు. అందరూ దాటాక రవళి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి "ఆరియా" అంది. తాడు వదులైంది.

"చూశారా, నేను ఆగితే ఎలా దారికొచ్చిందో!" అన్నాడు శివకుమార్ నుదురు తుడుచుకుంటూ. దశరథన్న ఎంతో గౌరవంగా, "మీకున్న చెయ్యి నాకేడిది సారూ" అన్నాడు.

తర్వాతి మీటింగులో శివకుమారే లేచి, కుక్క ట్రైనింగ్ మంచి దశలో ఉంది కాబట్టి గేటు తాళం విషయం వాయిదా వేద్దామన్నాడు. ఇప్పుడు రోజూ నట్టును తీసుకెళ్లేది ఆయనే. ఆ ఆడవాళ్లంతా దాటితే తప్ప కుక్క గుంజుడు ఆపదన్నది ఆయనకు తెలిసిపోయింది. ఎందుకో మాత్రం తెలియదు. తెలిసినా పైకి అనడం లేదేమో. ఆఫీసుకు టైమవుతుంటుంది కదా, అందుకని గేటు మధ్యలో నిలబడి బస్తీ వైపు కేకలేస్తుంటాడు: "ఏమ్మా రవళీ, ఇంకా ఎంతసేపు? ఆ వెనకావిణ్ని కూడా జల్దీ రమ్మను, బస్సు వచ్చేసింది!"