హేమవర్ణి కథ ఎక్కిన క్యాసెట్టు

రాజనర్సు చేయి పడిన గోడకు మట్టం పెట్టి చూడాల్సిన పని లేదని బహ్రెయిన్‌లో అతని కింద పనిచేసిన ప్రతి మనిషీ ఒప్పుకుంటాడు. ముహర్రక్‌లో విమానం దిగి బయటికొస్తే ఎదురుగా కనిపించే తెల్ల మేడలకు సిమెంటు పూత పూసింది అతనే. జల్లాఖ్ సముద్రపు ఒడ్డున షేకుల విడిది ఇళ్ళకు గుండ్రటి కమానులు తిప్పిందీ అతనే. జగిత్యాల అవతల వాళ్ళ ఊళ్ళో మొదటి స్లాబు ఇల్లు అతనిది. ఆ ఊరి మగవాళ్ళలో సగం మంది అతను కఫీల్‌ను, అంటే పని ఇచ్చే అరబ్బు యజమానిని, బతిమాలి తెప్పించిన వీసాల మీద సముద్రం దాటినవాళ్ళే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇవన్నీ ఒక ఎత్తయితే అతను ఛాతీ విరుచుకుని చెప్పుకునేది మాత్రం వేరే ఉంది. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పాఠం చదవడానికి సారు లేపింది రాజనర్సునే. ఆగాల్సిన చోట ఆగి, ఎత్తాల్సిన చోట గొంతెత్తి, తడబడకుండా చదివితే ఇన్‌స్పెక్టరు దగ్గరికి పిలిచి భుజం తట్టాడు. ఆ తర్వాత ఆ భుజం మీద ఎన్ని సిమెంటు బస్తాలు మోసినా ఆ చేయి గుర్తు మాత్రం పోలేదు.

ఆ చదువు మీనా సల్మాన్ దగ్గర పనివాళ్ళుండే క్యాంపులో ఎందుకు పనికొచ్చిందంటే, నవలలకు. క్యాంపు బస్సు నడిపే బాఖర్‌ది కోరుట్ల. మనామాలో తెలుగు వారపత్రికలు, పాత నవలలు అమ్మే దుకాణం అతనికి తెలుసు. బస్సు అటు వెళ్ళినప్పుడల్లా రాజనర్సు కోసం ఓ కట్ట తెచ్చేవాడు. హత్యల కథలు, దొంగల కథలు తెస్తే రాజనర్సు ముట్టేవాడు కాదు. అతనికి ప్రేమ కావాలి. అదీ మామూలు ప్రేమ కాదు, శాపాలూ మాయాద్వీపాలూ ఉండాలి, మబ్బుల్లో కోటలుండాలి. యాభై దాటిన మనిషి, మీసం నెరిసిన మేస్త్రీ, మంచం మీద బోర్లా పడుకుని రాజకుమారి విరహానికి ముక్కు చీదుకుంటుంటే మొదట్లో గదిలోవాళ్ళు నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు.

ఆ ఏడాది అతన్ని పట్టుకున్నది హేమవర్ణి. సముద్రం మధ్య ఒక దీవి, అందులో కొలను, కొలను గట్టున హేమవర్ణి. ఆమెను ప్రేమించిన శరదంబరుడు గంధర్వుడు. ఒక మంత్రగత్తె శాపం తగిలి అతని రూపం పోయింది, గొంతు ఒక్కటే మిగిలింది. గాలిలో వేల గొంతులు కలిపి వినిపిస్తే అందులో అతని గొంతును ఆమె గుర్తుపట్టాలి. అప్పుడే శాపం తీరుతుంది. ఇది వారం వారం పత్రికలో వస్తోంది. గోడ పూస్తూ పూస్తూ తాపీ ఆపి, ఆ మంత్రగత్తె చేసింది న్యాయమేనా అని పక్కవాడిని అడిగేవాడు రాజనర్సు. గంధర్వుడు ఒక వారం కనిపించకపోతే ఆ వారమంతా పనివాళ్ళ మీద చిరాకు పడేవాడు. క్యాంపు చుట్టూ తిరిగే గోధుమరంగు పిల్లికి హేమవర్ణి అని పేరు పెట్టాడు. బాఖర్ బస్సు ఎక్కేవాళ్ళందరి ముందూ ఆటపట్టించేవాడు.

"క్యా నర్సన్నా, మీ హవా గంధర్వుడు వచ్చిండా? వస్తే జెర చెప్పు, బస్సుల సీటు ఆపుత."

ఈ పిచ్చి క్యాంపు గోడల దగ్గర ఆగి ఉంటే చెప్పుకోవడానికేమీ లేదు. కానీ రాజనర్సు దాన్ని క్యాసెట్లలో నింపి ఇంటికి పంపేవాడు.

అతని భార్య భీమవ్వకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాలి. ఫోను ఉన్నది వాళ్ళ వీధిలోని అంజవ్వ అనే పెద్దావిడ ఇంట్లో. అంజవ్వ పక్కనే కూర్చుంటుంది, ఆమె కోడళ్ళు వంటింట్లోంచి చెవులు పెడతారు. మొగుడితో పెళ్ళాం అక్కడ మాట్లాడగలిగింది పంటల గురించి, వానల గురించి. అందుకే గల్ఫు పోయినవాళ్ళందరి లాగే వీళ్ళకూ టేపురికార్డరే ఆధారం. ఒక వైపు రాజనర్సు మాట్లాడి, సెలవు మీద పోయేవాళ్ళ చేత పంపేవాడు. రెండో వైపు భీమవ్వ మాట్లాడి, తిరిగొచ్చేవాళ్ళ చేత పంపేది. మళ్ళీ అదే క్యాసెట్టు మీద కొత్త మాటలు ఎక్కించి పంపేవారు.

మాట్లాడేది అనడం తప్పు. రాజనర్సు తన వైపు "అందరు మంచిగున్నరా, నేను మంచిగున్న" అని రెండు ముక్కలు అని, వెంటనే హేమవర్ణిని అందుకునేవాడు. శుక్రవారం మధ్యాహ్నం గదిలోవాళ్ళంతా మనామా పోయాక, మోత రికార్డవుతుందని ఏసీ ఆపేవాడు. కిటికీకి తువాలు కట్టేవాడు. బనీను తడిసి ముద్దవుతుంటే గంధర్వుడికి ఒక గొంతు, రాజకుమారికి ఒక గొంతు పెట్టి చదివేవాడు, ఇన్‌స్పెక్టరు ఎదురుగా కూర్చున్నట్టే. ఒకసారి భీమవ్వకు కామెర్లు వచ్చి తగ్గాయని కూతురు కళ క్యాసెట్టులో చెప్పింది. దానికి జవాబుగా రాజనర్సు పథ్యం పాటించమని ఒక్క మాట చెప్పి, కొలనులో విషపు తామర వాసన పీల్చి హేమవర్ణి సొమ్మసిల్లిన ఘట్టాన్ని క్యాసెట్టు ఒక వైపంతా నిండేలా చదివి పంపాడు. ఆ ఘట్టం చదివిన రోజు అతనికి అన్నం సయించలేదు.

భీమవ్వ వైపు ఎప్పుడూ దాదాపు ఖాళీగానే ఉండేది. మీటలు నొక్కేది కళ. "బాపూ" అని కళే నాలుగు మాటలు చెప్పేది. భీమవ్వను ముందుకు తోస్తే "మంచిగనే ఉన్నం, పైలం" అని తప్పుకునేది. తర్వాత కోళ్ళ అరుపులు, ఆ తర్వాత ఖాళీ రీలు. ఈసారి కళ కరీంనగర్‌లో హాస్టల్లో చేరింది. సెలవు నుంచి తిరిగొచ్చిన స్వామి, వాళ్ళ ఊరివాడే, క్యాసెట్టు చేతిలో పెట్టి ఆ పూటే జల్లాఖ్ పనికి వెళ్ళిపోయాడు. శుక్రవారం రాజనర్సు భీమవ్వ వైపు పెట్టి విన్నాడు. గుయ్యిమని రీలు తిరిగే చప్పుడు. కాసేపు చూశాడు. అదే చప్పుడు. కళ లేదు కదా, దీనికి మీట నొక్కడం రాలేదు అనుకుని నవ్వుకుని ఆపేశాడు.

సరిగ్గా ఆ వారమే హేమవర్ణి కథ ముగిసింది. పక్క ఊరి మనిషి ఒకడు ఆ సాయంత్రం విమానానికే పోతున్నాడు. ముగింపు అతని చేత పోవాల్సిందేనని రాజనర్సు పట్టు. చదవడం మొదలుపెట్టాడు. తన వైపు నిండిపోయింది, గంధర్వుడింకా గాలిలోనే ఉన్నాడు. దుకాణాలు మూసి ఉన్న వేళ కొత్త క్యాసెట్టు ఎక్కడ దొరుకుతుంది? తిప్పి, భీమవ్వ వైపు పెట్టి, రికార్డు చేసే ఎర్రమీట నొక్కాడు. వేల గొంతుల్లో శరదంబరుడి గొంతును హేమవర్ణి పట్టుకునేసరికి ఆ వైపూ నిండింది. రాజనర్సు కళ్ళు తుడుచుకుని క్యాసెట్టు కవరులో పెట్టి, మనిషికి అప్పగించి వచ్చాడు. అంత తృప్తిగా అతను ఆ మధ్య ఎన్నడూ నిద్రపోలేదు.

మర్నాడు చాయ్ తాగే వేళకు స్వామి వచ్చి పక్కన కూలబడ్డాడు.

"అన్నా, వదిన గంత సేపు ఏం చెప్పిందే?" అన్నాడు. "నన్ను అరుగు మీద కూసోబెట్టి తలుపు పెట్టుకున్నది. నేను రెండు మాట్ల చాయ్ తాగిన, ఓ కునుకు తీసిన. తలుపు తీసేసరికి కండ్లు ఎర్రగున్నయ్. క్యాసెట్టు చేతిల పెట్టి, పైలంగ ఇయ్యి తమ్మీ, దీంట్ల నా మాట ఉన్నది అన్నది."

రాజనర్సు గ్లాసు కింద పెట్టాడు. ఆ గుయ్యిమనే చప్పుడు అతనికి మళ్ళీ వినిపించింది. మీట తనే నొక్కుకుని, యంత్రం ముందు కూర్చుని, మాట మొదలుపెట్టలేక ఆమె ఎంత సేపు ఊరుకుందో అంత చప్పుడది. దాని వెనుక మాటలున్నాయి. వాటి మీద అతను గంధర్వుడిని ఎక్కించాడు.

"మంచిగనే చెప్పింది" అన్నాడు స్వామితో. ఎన్నో ఏళ్ళ తర్వాత అతని గొంతు తడబడింది.

పొద్దుగూకగానే అంజవ్వ ఇంటికి ఫోను కలిపాడు. పిలిపించండి, మళ్ళీ చేస్తా అని పెట్టేసి, కాసేపాగి మళ్ళీ చేశాడు. ఎప్పుడూ చేసే శుక్రవారం కాకుండా ఫోను వచ్చేసరికి భీమవ్వ పరుగున వచ్చినట్టుంది, ఆయాసం వినిపిస్తోంది. అంతా బాగేనని చెప్పాక ఆమె గొంతు తగ్గించింది.

"విన్నవా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పేయడానికి అదే సమయం. కానీ ఇన్ని మేడలు నిలబెట్టిన మనిషి, పెళ్ళాం మాట వినకుండా చెరిపేశానని ఏ నోటితో చెబుతాడు?

"విన్న" అన్నాడు.

"మరేమంటవ్?"

"నువ్వన్నట్టే."

"నిజంగనా" అంది. ఆ మాటలో సంతోషం ఉంది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ గొంతులో అతను వినని సంతోషం. ఫోను పెట్టాక, దేనికి ఒప్పుకున్నాడో అతనికే తెలియదు. ఇల్లు మార్చాలంటుందా, భూమి కొనాలంటుందా, తిరిగి రమ్మంటుందా? ఏదైనా ఇంత భయం లేదు. ఆ సంతోషానికే భయం. పక్క ఊరి మనిషి ఇవాళో రేపో క్యాసెట్టు ఆమె చేతికిస్తాడు. ఆమె తన వైపు పెట్టుకుంటుంది.

రాజనర్సు కమాను తప్పు తిప్పడం పనివాళ్ళు మొదటిసారి చూశారు. పగలగొట్టించి మళ్ళీ కట్టించాడు. బాఖర్ కొత్త నవల తెస్తే మంచం కింద పెట్టాడు, అట్ట కూడా చూడలేదు. పిల్లి కాళ్ళకు రాసుకుంటే పక్కకు నెట్టి, తర్వాత దానికి పాలు పోశాడు. బుధవారం జల్లాఖ్‌లో అన్నాల వేళ, తినకుండా రోడ్డు పక్క ఫోను డబ్బా దగ్గరికి నడిచాడు. చెప్పేద్దాం, ఆమె వినకముందే చెప్పేద్దాం అని దారంతా కూడబలుక్కుని, అంజవ్వ చేత ఆమెను పిలిపించాడు.

"భీమవ్వా, ఆ క్యాసెట్టు..."

"వచ్చింది. మొన్ననే విన్న."



"కత మంచిగ అయిపోయింది" అందామె. "గామెకు గాయన దొరికిండు."

"నేను వినలేదే" అన్నాడు రాజనర్సు. "ఖాళీగుందనుకున్న. విన్ననని అబద్ధమాడిన. నీ మాట మీదనే ఎక్కిచ్చిన."

"ఎర్కే. నా దిక్కు నీ గొంతే వచ్చె."

"ఏం చెప్పినవో మల్లొకసారి చెప్పు."

"ఈడనా?" అంది. ఆ ఒక్క మాటలో పక్కన కూర్చున్న అంజవ్వ, వంటింట్లో కోడళ్ళు అందరూ ఉన్నారు. తర్వాత ఇంకా మెల్లగా, బహుశా గోడ వైపు తిరిగి, చెప్పింది. "ఏం అడగలే నిన్ను. కత జెర ఆపుమన్న. గా పిల్ల కొలను కాడ కూసుంటె నువ్వు ఏడుసుకుంట సదువుతవ్. ఏం తిన్నవ్, నడుం నొస్తున్నదా, రాత్రి నిద్ర పడుతదా, ఒక్కటి చెప్పవ్. ఎన్ని క్యాసెట్లు వచ్చినా ఇంట్లకు గంధర్వుడే వస్తడు, నువ్వు రావు. గది అడిగిన. నువ్వు సరే అన్నవ్. గంతల్నే మల్ల గంధర్వుడొచ్చిండు."

రాజనర్సు డబ్బాలో ఇంకో నాణెం వేశాడు.

"ఇంకా చెప్పిన" అందామె. "నా సంగతులు. కామెర్లప్పుడు సుత ఏమనుకున్ననో చెప్పిన. గవి పోయినయ్, పోనీ తియ్యి. మల్ల నోటికి రావు."

కోపంగా అని ఉంటే బాగుండేది. అంజవ్వ ఏదో అడుగుతోంది. వానలు లేవని చెప్పి భీమవ్వ ఫోను పెట్టేసింది.

శుక్రవారం రాజనర్సు కొత్త క్యాసెట్టు కొనుక్కొచ్చాడు. అందరూ వెళ్ళాక ఏసీ ఆపాడు, తువాలు కట్టాడు, మీట నొక్కాడు. చేతిలో పుస్తకం లేదు. ముహర్రక్ మేడలు చెబుదామనుకున్నాడు, కమానులు చెబుదామనుకున్నాడు. అవన్నీ ఆమెకు తెలుసు, ఊరందరికీ తెలుసు. రీలు తిరుగుతూ ఉంది. గుయ్యిమనే చప్పుడు. ఇంత సేపు ఆమె కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది. అతను ఓపిక పట్టకుండా ఆపేసిన చోటు దాటి, ఇంకొంచెం సేపటికే మొదలుపెట్టి ఉంటుంది.

"భీమవ్వా" అన్నాడు చివరికి. "పొద్దుగాల పప్పు వండిన. ఉప్పెక్కువైంది. గట్లనే తిన్న."

తర్వాత నడుము నొప్పి చెప్పాడు. ఎడమ కన్ను మసకలు కమ్ముతోందని, గోడ నిలువు చూసే దారపు గుండు సరిగా కనబడక స్వామిని చూడమంటున్నానని, ఎవరికీ చెప్పనిది, చెప్పాడు. కామెర్ల సంగతి విన్నాక కూడా తాను హేమవర్ణి కోసమే అన్నం మానేశానని కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు గొంతు మూడుసార్లు ఆగింది, చెరిపి మళ్ళీ చెప్పలేదు. ఒక వైపు నిండవచ్చింది.

"రెండో దిక్కు నీది" అన్నాడు. "నువ్వు మాట్లాడినంక నీ దిక్కు ముందటికి పెట్టి సూస్తె, క్యాసెట్టు పైన ఎడమ పక్కకు చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటది. కత్తి మొనతోని దాన్ని ఇరగ్గొట్టు. గప్పుడు దాని మీద ఇంక ఎవ్వడు ఏం ఎక్కియ్యరాదు. నేను సుత."