దసరాకు తోమిన ఇంజన్లు

అన్న పోయిన మూడో నెలలో వదినె ఒక ఇనుప ట్రంకుపెట్టె ఆటోలో వేసుకుని ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చింది. పెట్టెలో పాత ధోవతి ముక్కల్లో చుట్టిన ఏడు ఆవిరి ఇంజన్లున్నాయి. జానెడు పొడవున్న బొమ్మలే గానీ, నీళ్లు పోసి కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజంగానే తిరుగుతాయి. అన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆరింటిని జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఏరి తెచ్చుకున్నాడు. ఒక్కటి మాత్రం తానే చేశానని చెప్పేవాడు. ఏదని అడిగితే నవ్వేవాడు. పోయేముందు అన్నీ తమ్మునికే అన్నాడట.

"ఆరు నువ్వే ఉంచుకో, అమ్ముకో, నాకు ఫికర్ లేదు" అంది వదినె. "ఆయన చేతులతోటి చేసింది మాత్రం నాకియ్యి. జర సక్కగ చూసి చెప్పు. బుక్కులు చదివినోనివి గద."

చదివినవాణ్నే. బడి ఏడో తరగతితో ముగిసింది. యంత్రాల గురించి నాకు తెలిసిందంతా ఆ తర్వాత చిత్తుకాగితాల కొట్లో కిలోల చొప్పున కొన్న పాత పుస్తకాలు చెప్పిందే. పని తేలికే అనుకున్నాను. కంపెనీ బొమ్మకు కంపెనీ ముద్ర ఉంటుంది, లేనిది అన్న చేసింది.

ఏడింటిలో ఒక్కదానికీ ముద్ర లేదు.

దసరాకు మేం పనిముట్లకు పూజ చేస్తాం. అన్న తన సుత్తి, ఆకురాళ్లతో పాటు ఇంజన్లను కూడా పీట మీద పెట్టి పసుపు కుంకుమ దిద్దేవాడు. ముందురోజు వదినె వాటిని చింతపండుతో, ఇటుక పొడితో తోమేది. ముప్పై ఏళ్ల దసరాలు. రంగులు పోయాయి, అంటించిన గుర్తులు పోయాయి, చెక్కిన అక్షరాలు కూడా అరిగిపోయాయి.

"ఇటుక పొడి పెట్టి తోముతరా వదినె, ఎవరన్న?" అని కోప్పడ్డాను.

"దేవుని ముంగట మసితోటి పెట్టాల్నా? మీ అన్న ఎన్నడు ఒక్క మాటనలే. నువ్వొచ్చినవ్ అడగనీకి."

ఇక చేతిపనిని బట్టి తేల్చాలి. వారం రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఒకదానికి పిస్టన్ కడ్డీ బదులు సైకిల్ పుల్ల ఉంది, చక్రం వంకరగా తిరుగుతోంది, టంకం ముద్దలు కట్టింది. అదేనని తేల్చి వదినెను పిలిచి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత మోటుగనా? పొయ్యిల కట్టె సుత లెవల్ చూసి పెట్టెటోడు ఆయన. ఇది నాకొద్దు."

మిగతా ఆరూ అమ్ముదామని నేను కబురు చేసిన మనిషి కూడా అప్పుడే వచ్చాడు. నాదర్‌గుల్ వైపు కాలనీలో స్థిరపడ్డ కోస్తా ఆయన, ఇలాంటివి కొని దాచుకుంటాడు. ఏడింటిలో అన్నిటికన్నా నాజూకైనదాన్ని ఎత్తి చక్రాన్ని వేలితో మీటాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

"ఇది ఇంగ్లండుదండీ, సందేహం అక్కర్లేదు. ఇంత ఫినిషింగు మన దగ్గరెవరు చేస్తారు చెప్పండి?"

ఒళ్లు మండింది. అసలు రైలింజన్లకే వెంట్రుకవాసి తేడా రాకుండా పిస్టన్లు బిగించినవాళ్లు ఈ బొమ్మ చేయలేరా అని అడగబోయాను. కానీ మొదటిరోజే ఆ ఇంజన్ను విప్పి కూడా చూడకుండా విదేశీ సరుకులో కలిపింది నేనే. మోటుదేదో వెతికి దానికి అన్న పేరు పెట్టిందీ నేనే.

స్క్రూడ్రైవర్ తెచ్చి నాలుగు మరలు విప్పి, దాని పొయ్యి మీద నుంచి నీళ్లు కాగే బాయిలర్ను పైకి తీశాను. మంట తగిలే అడుగువైపు మసి పేరుకుని ఉంది. అక్కడికి చింతపండు ఎన్నడూ చేరలేదు. వదినె కొంగుతో తుడిచింది. ఇత్తడి మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు బయటపడ్డాయి. పెండ్లి సామాన్ల మీద గిన్నెల దుకాణంలో కొట్టించే పేరు అది. వదినె వాళ్ల నాన్న పేరు సగం తెగిపోయింది. ఊరి పేరు కందుకూరు మాత్రం పూర్తిగా ఉంది.

"గిది నా నెయ్యి డబ్బా!" అంది వదినె. "మా బాపు పెట్టింది. ఇల్లంత దేవులాడిన. నువ్వే అమ్ముకున్నవనుకున్న ఇన్నేండ్లు."

"నేనా?"

"గప్పుడు నీకు బీడీల ఖర్చుండె గద."

డబ్బా అంచు కోసేసి, రెండు వైపులా వెండి టంకంతో మూసి బాయిలర్ చేసి, పేరున్న వైపు మంటకు తిప్పి బిగించాడు అన్న. కోస్తా ఆయన కళ్లజోడు పెట్టుకుని అతుకుల్ని చాలాసేపు చూశాడు.

"దీంతో కలిపి ఇస్తే ఏడూ తీసుకుంటానండీ" అన్నాడు.

"నెయ్యి డబ్బా అమ్ముతరా ఎవరన్న?" అంది వదినె.

ఆయన ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు. నేను బాయిలర్ను మళ్లీ దాని చోట పెట్టబోతే వదినె ఆపింది. పేరు కనబడేటట్టు పైకి తిప్పి బిగించమంది. అట్లా పెడితే నీళ్లు పోసే మూత కిందికి పోతుంది, ఇంజను ఇక నడవదని చెప్పాను.

"నడవకుంటే ఏమాయె" అంది.

తిప్పి బిగించాను.