మా వైపు లోపం లేదు

ప్రభుత్వ రేడియోలో శ్రోతల ఉత్తరాలకు జవాబులు రాసే అధికారిగా ఆయన ఉద్యోగమంతా గడిచిపోయింది. ఆయన గొంతు మాత్రం రేడియోలో ఒక్కసారీ వినిపించలేదు. ఏ ఉత్తరం రాసినా చివరి వాక్యం ఒకటే: "మా వైపు ఏ లోపమూ లేదు." ఆ వాక్యానికి రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. సిరా ప్యాడ్ ఎండిపోతే ప్యూన్ మీద ఇంతెత్తున లేచేవాడు.

ఫోన్లు మాట్లాడటానికి మాత్రమే పనికొచ్చే రోజులవి. రేడియో తన కార్యక్రమాలను వెబ్‌సైట్‌లో పెట్టింది. అవి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లలోనే, ఆ కంపెనీ ప్లేయర్‌లోనే మోగుతాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాళ్లకు వినిపించవు. ఆ ఒప్పందం ఫైలు మీద "అభ్యంతరం లేదు" అని రాసినవాళ్లలో ఈయనా ఒకడు. ఫైలు చదవలేదు. కంపెనీవాళ్లిచ్చిన తోలు సంచిని మాత్రం రోజూ భుజాన తగిలించుకుని తిరిగాడు.

ఆయన బావకు, అంటే అక్క భర్తకు, చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ప్రెస్‌లోనూ, పైన ఇంట్లోనూ ఉన్నవి ఓపెన్ సోర్స్ కంప్యూటర్లే. "మన పన్నులతో నడిచే రేడియో వినడానికి ఇంకొకడి కొట్లో సరుకు కొనాలా? అందరికీ మోగే రకంలో ఇంకో కాపీ పెట్టండి" అని బావ ఉత్తరం రాశాడు. జవాబు "మాన్య శ్రోతకు" అని మొదలై స్టాంపుతో ముగిసింది. బావ దాన్ని కాగితాలు కోసే మిషన్ పైన గోడకు అతికించాడు.

రిటైరయ్యేవాళ్ల చేత వీడ్కోలు ప్రసంగం రికార్డు చేయించడం ఆ ఆఫీసు ఆనవాయితీ. ప్రసారానికి సమయం దొరకదని దాన్ని వెబ్‌సైట్‌లోనే పెడతారు. రిటైరైన రోజు ఈయనా రికార్డు చేశాడు. ఈయనకు అదే మహాభాగ్యం. తల్లి పోయాక తనను పెంచింది అక్క. బట్టలు కుట్టి చదివించింది కూడా ఆవిడే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆవిడ అడుగుతూనే ఉంది: "రేడియోలో ఉద్యోగమంటావు, నీ గొంతెప్పుడు వినిపిస్తావురా?"

అక్కకిప్పుడు మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగడం కష్టం. అందుకని ఆయనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ ప్రసంగం వినిపించడానికి వాళ్లింటికి వచ్చాడు.

"పెట్టండి బావా. మొదటి నుంచీ వినాలి."

"పెట్టమంటే పెడతా. మోగకపోతే నన్ననకు" అని బావ మౌస్ నొక్కాడు.

తెర మీద రెండు ముక్కలు వచ్చాయి. "ఆమోదించిన ప్లేయర్ లేదు. మా వైపు ఏ లోపమూ లేదు."

"నీ రాతేగా బావమరిదీ?" అన్నాడు బావ.

వెబ్‌సైట్‌వాళ్లకు ఆ వాక్యాన్ని ఆయనే ఇచ్చాడు. అప్పట్లో ఇంటింటికీ చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడు ఆఫీసుకు ఫోన్ చేశాడు. తన కుర్చీలోకి కొత్తగా వచ్చినావిడ ఎత్తింది.

"నా ప్రసంగం అందరికీ మోగే రకంలో ఓ కాపీ పెట్టించమ్మా. మా అక్క వినాలి."

"ఒక్కరి కోసం వేరే కాపీ పెట్టలేం సార్. ప్లేయర్ కొనుక్కోమనండి."

"నేనమ్మా! గుర్తుపట్టలేదా?"

"పట్టాను సార్. మీరు రాసిపెట్టి వెళ్లిన జవాబే చదువుతున్నా."

బావ కడుపు పట్టుకుని నవ్వాడు. అక్క నవ్వలేదు.

"పోనీలేరా, ఏం మాట్లాడావో నువ్వే చెప్పు."

ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ప్రియమైన శ్రోతలారా! ఇన్నేళ్లలో నేను ప్రతి శ్రోతనూ ఒకేలా చూశాను..."

"అదొక్కటి నిజం. నన్నెలా చూశావో మీ అక్కనీ అలాగే చూశావు" అన్నాడు బావ.

తర్వాతి వాక్యం ఆయనకు గుర్తు రాలేదు. తోలు సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"లోపం మీ కంప్యూటర్లో ఉంది బావా. మార్చేయండి" అంటూ మెట్లు దిగిపోయాడు.

అక్క తెర వైపు చూసింది. తర్వాత మోకాళ్ల మీద శాలువా సర్దుకుని, "ఇక కట్టేయండి" అంది.