చెదలు పట్టని బొంత

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు. దేవుడి ముందు కూడా నోరు విప్పలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా ఆయనకు జహీరాబాదు రైల్వే స్టేషన్లో గుమస్తా పని. కాపురానికి వచ్చిన రెండో ఏడు ఆడపిల్ల పుట్టి, నెల తిరగకుండానే పోయింది. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవారు. మాట్లాడే మనిషి లేదు. అన్నం వండి, తినకుండా గోడకానుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు పక్కింటి ఖాజాబీ పిలవకుండానే లోపలికి వచ్చి నా చేతిలో సూది పెట్టింది.

"ఏడ్వు బిడ్డా, ఎవలద్దంటరు? చేతులు మాత్రం ఆపకు" అన్నది.

ఖాజాబీ బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలుగా పరిచి, పైన రంగు పీలికలతో బొమ్మలు దిద్దేది. మొగుడు ప్లేగుకు పోతే, ఇద్దరు ఆడపిల్లలను ఆ సూదితోనే పెంచింది. పుట్టినూరు న్యాల్‌కల్‌లో వాళ్లమ్మ చూపు పోయాక కూడా వేళ్లతో తడిమి కుట్టేదట. ఆ అమ్మ చీర, అమ్మమ్మ చీర, తన చీర కలిపి ఖాజాబీ పదేళ్లపాటు ఒక బొంత కుట్టింది. దాని మీద జొన్నచేను, బావి, ఇసుర్రాయి ముందు ముగ్గురు ఆడవాళ్లు. ఎవరడిగినా అమ్మలేదు. "గిది మా ఆడోళ్ల కథ" అనేది. ఆ ముగ్గురి బతుకులు వింటూ వింటూనే నేను మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టాను.

ఒక వానాకాలం కూతురి కాన్పుకని బీదరు పోతూ, తన ఇల్లు కారుతుందని ఆ బొంతను నా దగ్గర ఉంచింది.

ఆ నెలలోనే ఒక అధికారి భార్య, దారిలో వాన పట్టుకుంటే మా ఇంట్లో ఆగింది. బొంతను చూసింది. ఎవరు కుట్టారని అడిగింది. ఆ ఊళ్లో అంతవరకు నన్నెవరూ ఏమీ అడిగి ఎరగరు. నేనే కుట్టానన్నాను. ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే? ఆమె నా చేయి పట్టుకుంది. రోజూ తన ఇంటికి రమ్మంది. ఆ స్నేహం ఎక్కడ చేజారుతుందోనని, నాది కాని బొంతను మడిచి ఆమె చేతుల్లో పెట్టాను. నెలకే వాళ్లకు బదిలీ అయింది. బొంత కూడా వాళ్ల వెంటే పోయింది.

ఖాజాబీ తిరిగి వచ్చింది.

"బొంత ఏది బిడ్డా?"

"చెదలు పట్టినయమ్మా. కాల్చేసిన."

నన్ను అనుమానించనైనా లేదు.

"పోనీ తియ్, నువ్వేం జేస్తవ్? మల్ల కుడ్త."

కుట్టడం మొదలుపెట్టింది. కానీ అప్పటికే ఆమె చూపు మసకబారింది. పైగా గుడ్డ దొరకని కాలం. నా పెళ్లిచీర చింపి ఇచ్చాను. "నీ కడుపు సల్లగుండ" అని దీవించింది. రోజూ ఆమె గడపలో కూర్చుని సూదిలో దారం ఎక్కించేదాన్ని. అప్పుడైనా చెప్పొచ్చు కదా? జాలితో ఎక్కించానా, భయంతోనా? చెబితే ఆ గడప కూడా నాకు లేకుండా పోతుందని, మళ్లీ ఆ గోడకానుకుని ఒక్కదాన్నే కూర్చోవాలని నోరు మూసుకున్నానా? ఇప్పటికీ తెలియదు. బావి దాకా కుట్టింది. ఆడవాళ్ల బొమ్మలు మొదలుపెట్టకముందే జ్వరంతో పోయింది.

తర్వాత మా ఆయనా పోయారు. ఖాళీ ఇంట్లో, ఆమె నేర్పిన పని చేసుకుంటూ బతికాను. ఎవరిని దోచుకున్నానో ఆమె ఇచ్చిన ధైర్యంతోనే ఇన్నేళ్లు నిలబడ్డాను. ఇంతకంటే సిగ్గు ఇంకేముంటుంది?

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు. ఆ బొంత ఎక్కడో ఎవరింట్లోనో ఉంటే, దాన్ని కుట్టిన చేతులు నావేనని వాళ్లింకా అనుకుంటూ ఉంటారు.

కావు. ఖాజాబీవి.

రాసేశాను.